రెండు పిడుల మిషను

కట్టెల అడితిలో పనిచేసే మనిషికి తన చెయ్యి ఎక్కడుందో తెలిస్తే చాలు. తల సంగతి తర్వాత. తల వాడకుండానే ఈ వ్యాపారం నడిపినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళలో ఒకరిద్దరు మేడలు కూడా లేపారు. చేతి సంగతి మరిచిపోయినవాళ్ళు మాత్రం ఈరోజుకీ చొక్కా గుండీలు ఇంకొకరిచేత పెట్టించుకుంటున్నారు.

వీధి చివర, రేకుల గేటున్న అడితిని నడిపేది ముగ్గురు. మామగారు కట్టెలు చీలుస్తాడు. కోడలు మొద్దులు అందిస్తుంది, చీలికలు పేరుస్తుంది, తూకం వేస్తుంది, వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంది, పేచీకోరులతో దెబ్బలాడుతుంది. కొడుకు బండి తోలతాడు. ముగ్గురిలో ఎవరు ఎక్కువ కష్టపడతారని అడిగితే అతను తన పేరే చెప్తాడు. అడక్కపోయినా చెప్తాడు.

మామగారి అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరూ ఆయన్ని "ఒక్కవేటు" అంటారు. మొద్దు ఎంత లావుదైనా, ఎన్ని కణుపులున్నా, పీటమొద్దు మీద నిలబెట్టడమే తరువాయి, గొడ్డలి ఒకసారి లేచేది, ఒకసారి దిగేది. రెండో దెబ్బ వేయడమంటే ఆయనకి నామోషీ. ఎప్పుడైనా వేయాల్సొస్తే ఆ కట్టెని పక్కకి తన్నేసి రోజంతా దానివంక చూసేవాడు కాదు, పలకరించకుండా పోయిన చుట్టం మీద అలిగినట్టు.

ఆ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు కోడలికి మొద్దుని ఎటువైపు పట్టుకోవాలో కూడా తెలీదు. ఆయనే నేర్పాడు. "నిలబెట్టావా, చెయ్యి తీశావా, ఒక అడుగు వెనక్కేశావా. ఆ అడుగు నేను చూస్తాను తల్లీ. చూశాకే ఎత్తుతాను. నువ్వు అడుగెయ్యనంతవరకూ నా గొడ్డలి భుజం మీంచి కదలదు, దేవుడు దిగొచ్చి చెప్పినా సరే." పుట్టింట్లో కన్నతండ్రి కూడా అంత ఓపిగ్గా ఏదీ నేర్పలేదామెకి. అందుకే మామగారంటే ఆమెకి ప్రాణం. జరిగిన తప్పంతా ఆ ప్రాణం పెట్టడంవల్లే జరిగింది, ఏ మాటకా మాటే చెప్పుకోవాలి.

అత్తగారు పోయినప్పుడు ఆయన మంచమెక్కాడు. తినడు, లేవడు, పలకరిస్తే గోడవైపు తిరుగుతాడు. కొడుకు బతిమాలాడు, కోప్పడ్డాడు, డాక్టర్ని తెచ్చాడు. ఉలుకూ పలుకూ లేదు. అలా ఎన్నాళ్ళో గడిచాక ఒక పొద్దున్న కోడలు పీటమొద్దు మీద కణుపులున్న మొద్దొకటి పెట్టి, చేతగాని గొడ్డలి దెబ్బలు నాలుగు వేసి, గుమ్మంలోకొచ్చి, "మామయ్యా, నావల్ల కావట్లేదు. బేకరీకి కట్టెలు వెళ్ళకపోతే రేపు వాళ్ళ పొయ్యి ఆగిపోతుంది" అంది. ఆయన చాలాసేపు అలాగే పడుకుని, చివరికి లేచి, బనీను సరిచేసుకుంటూ బయటికొచ్చాడు. ఆ రోజే అన్నం తిన్నాడు. అప్పట్నుంచి కోడలి బుర్రలో ఒక మాట మేకేసి కొట్టినట్టు దిగిపోయింది. ఈ మనిషి చేతిలోంచి పని తీసేస్తే ఈ మనిషి ఉండడు.

ఇక కళ్ళ సంగతి.

కొంతకాలంగా ఆయన రెండో దెబ్బ వేస్తున్నాడు. వేసి అలగడం కూడా మానేశాడు. పీటమొద్దు అంచులమీద కొత్త గాట్లు పడ్డాయి. పక్కనుంచి వచ్చే మనిషిని చూడకుండా గుద్దుకునేవాడు, గుద్దుకుని "దారికి అడ్డం నిలబడతారేంటయ్యా" అని వాళ్ళనే కసిరేవాడు. ఏమైందని అడిగితే పొట్టు పడిందనేవాడు, పొగ పట్టిందనేవాడు. మనిషిది ముక్కుమీద కోపం కాబట్టి ఎవరూ రెండోసారి అడిగేవాళ్ళు కాదు.

కంటాసుపత్రిలో పనిచేసే నర్సమ్మ కట్టెలు ఇక్కడే కొంటుంది. ఒకరోజు తూకం దగ్గర నిలబడి గొంతు తగ్గించింది. "మీ మామగారు చుక్కలు వేసుకుంటున్నారా? నీటికాసులమ్మా అది. కంటి నరం ఎండిపోతూ ఉంటుంది. పోయిన చూపు ఏ ఆపరేషనుకీ తిరిగి రాదు. ఇప్పటికే ఆయనకి పక్కల చూపంతా పోయింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్న కాస్త కనబడుతుందంతే. ఇంట్లో చెప్పమని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు. చెప్పారు కదా?"

"ఆఁ, చెప్పారు" అంది కోడలు. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆమెకే తెలీదు.

మొగుడికి చెప్పలేదు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్న చెప్తే మధ్యాహ్నానికల్లా వీధిలో ప్రతి గుమ్మమూ వచ్చి ఒక్కవేటుని పరామర్శిస్తుంది. జాలి చూపిస్తే ఆ మనిషి తట్టుకోలేడు. తనకి తెలుసన్న సంగతి మామగారికీ చెప్పలేదు. ఆయన దాచుకున్నాడు కదా, దాచుకోనీ అనుకుంది.

కానీ మొద్దు పెట్టేది తన చేత్తోనే. తన అడుగు ఆయనకి ఇక కనబడదు. అందుకని ఒక కర్రముక్క పట్టుకోవడం మొదలుపెట్టింది. మొద్దు నిలబెట్టి, చెయ్యి తీసి, వెనక్కి అడుగేసి, పక్కనున్న రేకుడబ్బా మీద కర్రతో టకటకమని కొట్టేది. మొదటిసారి ఆయన గొడ్డలి ఆపి, "ఏంటమ్మా ఆ చప్పుడు?" అన్నాడు. "ఏం లేదు మామయ్యా, చీమలు. దులుపుతున్నా" అంది. ఆయన తర్వాత ఆ చప్పుడు కోసం ఆగడం మొదలుపెట్టాడు. చప్పుడు వినబడితేనే గొడ్డలి లేచేది. చీమలు లేని రోజున కూడా ఆమె దులిపేది, ఆయన ఎందుకని అడిగేవాడు కాదు. ఆయన చెప్పడు, ఆమె అడగదు, మధ్యలో కర్రముక్క మాట్లాడేది.

అలాగే ఎంతకాలం నడిచేదో గానీ బేకరీ యజమాని వచ్చిపడ్డాడు. మనిషి పీపాలా ఉంటాడు, నడక మాత్రం పిల్లిది. ఆ రోజు కోడలు డబ్బామీద కొట్టేసింది, గొడ్డలి పైకి లేచింది. అప్పుడే ఈ మహానుభావుడు పక్కనుంచి వచ్చి, పీటమొద్దు పక్కన పడున్న ఒక చీలిక ఆరిందో లేదో చూద్దామని వంగాడు. కోడలు కెవ్వుమంది. గొడ్డలి ఎలా తిరిగిందో తెలీదు గానీ, పీటమొద్దు అంచుకి దిగబడిపోయింది. దాని పక్కనే బేకరీ ఆయన చెయ్యి.

బేకరీ యజమాని మొహంలో నెత్తుటిచుక్క లేదు. "ఒక్కవేటూ, ఆ ఒక్క వేటూ నామీద పడేదయ్యా!"

"పనిచేసేచోటికి దొంగలా వస్తే ఇంతే మరి!" అని మామగారు ఒంటికాలిమీద లేచాడు. అడితి దద్దరిల్లేలా అరిచాడు. కానీ దిగబడ్డ గొడ్డలి పిడి కోసం ఆయన రెండుసార్లు తడుముకోవడం కోడలు చూసింది.

బేకరీ ఆయన బండి దగ్గరున్న కొడుకు దగ్గరికెళ్ళి, "మీ నాన్నకి మిషను కొనిపెట్టు. లేదంటే కట్టెలు నేను ఇంకోచోట చూసుకుంటాను. రొట్టెలు కాల్చుకోడానికి ప్రాణాలు ఒడ్డాలా?" అనేసి వెళ్ళిపోయాడు.

అసలే కొడుక్కి మిషను పిచ్చి. ఎప్పట్నుంచో చెవిలో జోరీగలా మిషను మిషను అంటూనే ఉన్నాడు. ఇప్పుడిక ఆగుతాడా! ఆ వారంలోనే వాయిదాల మీద కొందామని పెళ్ళాన్ని వెంటబెట్టుకుని మిషన్ల షాపుకి బయల్దేరాడు. మామగారు రానన్నాడు. "మీరు పెళ్ళిచూపులకెళ్ళి రండి. పిల్ల నాకు నచ్చదని ముందే చెప్తున్నా" అన్నాడు.

షాపంతా కొత్త రంగు వాసన, నూనె వాసన. షాపతను ఒక్కొక్క మిషనుకీ ఉన్న గుడ్డ తీసి చూపించాడు. మొదటిది చవకది. మరమేకులాంటి ఇనప కోను గిర్రున తిరుగుతూ ఉంటుంది, మొద్దుని దానికి ఆనిస్తే చాలు, లోపలికి దూరి చీల్చేస్తుంది.

"బట్ట కొస తగిలితే?" అంది కోడలు.

"జాగ్రత్తగా ఉండాలమ్మా."

"ఆ జాగ్రత్త కూడా మీరే అమ్ముతారా, మేము తెచ్చుకోవాలా?"

షాపతను నవ్వేసి రెండోదానికి వెళ్ళాడు. ఇది ఇంజనుతో, నూనె ఒత్తిడితో నడిచేది. పొడుగాటి ఇనప పట్టాల మీద మొద్దు పడుకోబెడతారు. ఒక చివర ఇనప కత్తి. రెండో చివరనుంచి ఇనప తోపుడు వచ్చి మొద్దుని కత్తిమీదికి నెడుతుంది. దీనికి పిడి ఒకటే. కుడిచేత్తో పిడి నొక్కుతూ ఎడంచేత్తో మొద్దు పట్టుకోవచ్చు.

"ఇదీ మిషనంటే!" అన్నాడు మొగుడు. "ఒక్కడే ఇద్దరి పని చేస్తాడు."

కోడలు ఆ పట్టాలవైపు చూసింది. మామగారి ఎడంచెయ్యి ఆ మొద్దుమీద ఉన్నట్టు, అది మెల్లగా కత్తివైపు జరుగుతున్నట్టు కళ్ళముందు కనబడింది. "వద్దు" అంది.

మూడోది కూడా అలాంటిదే, కాకపోతే పిడులు రెండు. రెండు చేతులతో రెండూ నొక్కి పట్టుకుంటేనే తోపుడు కదులుతుంది. ఏ ఒక్కటి వదిలినా అక్కడికక్కడే ఆగిపోతుంది. షాపతను నొక్కి చూపించాడు, వదిలి చూపించాడు. "చేతులు రెండూ పిడులమీదుంటే కత్తి ముందు పెట్టడానికి మూడో చెయ్యి ఉండదు కదమ్మా. అదీ దీని ఉపాయం."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఇంకేం కావాలి? మామగారి చేతులు రెండూ భద్రంగా పిడులమీద ఉంటాయి. పని పోదు, చెయ్యి పోదు, పరువు పోదు.

"కానీ ఒక్క మాట" అన్నాడు షాపతను. "ఇది ఒక్క మనిషి కోసం చేసిన మిషను. మొద్దు పెట్టేవాళ్ళే పిడులు పట్టాలి. ఒకరు పెట్టి ఇంకొకరు నొక్కారనుకోండి, ఈ రెండో పిడి ఉండీ లేనట్టే."

విందా? విన్నది. అన్ని ప్రశ్నలేసిన మనిషి, బట్ట కొస గురించి అడిగిన మనిషి, అసలైన మాట దగ్గరికొచ్చేసరికి బుర్ర ఊపేసి ఊరుకుంది. ఆమె మనసంతా మామగారి చేతులమీదే ఉంది. తనకి కూడా రెండు చేతులున్నాయన్న సంగతి ఆ పూట ఆమెకి తట్టలేదు. అప్పుడు ఎవరైనా పక్కనుండి ఒక మొట్టికాయ వేసుంటే బాగుండేది.

మొగుడు ఒప్పుకోలేదు. "ఇది నత్తనడక మిషను. ఒక్కో మొద్దుకీ రెండు చేతులూ పిడులకిచ్చి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టి... మా నాన్న గొడ్డలే దీనికన్నా నయం."

"ఒంటి పిడిది కొంటే మీరే దాని దగ్గర కూర్చోండి. బండి నేను తోలతాను."

బండి మాట వచ్చేసరికి అతను గతుక్కుమన్నాడు. రెండు పిడుల మిషనే వచ్చింది.

వచ్చిన మిషనుని మామగారు కన్నెత్తి చూడలేదు. టార్పాలిన్ కప్పి షెడ్డులో పెట్టారు. భోజనం దగ్గర మాట్లాడటం మానేశాడు. కంచంలో చెయ్యి కడుక్కుంటూ, "నా గొడ్డలికేం రోగమొచ్చిందని?" అని గోడనడిగేవాడు. గోడ ఏం చెప్తుంది? కోడలు తలొంచుకుని కంచాలు తీసేది. రోగం గొడ్డలికి కాదని ఆ ఇంట్లో ఇద్దరికి తెలుసు, ఇద్దరూ నోరు మెదపలేదు.

అలక ఎక్కువకాలం సాగలేదు. ఒకరోజు ఆయనే టార్పాలిన్ తీసి, మిషను చుట్టూ తిరిగి, పట్టాలూ కత్తీ పిడులూ అన్నీ చేత్తో తడిమి చూశాడు. "సరే. పిడులు నేను పడతాను. మొద్దు నువ్వు పెట్టు తల్లీ. ఎప్పుడూ అంతేగా."

షాపతను అన్నమాట కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. ఇది ఒక్క మనిషి మిషను మామయ్యా అని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. చెప్తే ఏమవుతుంది? ఆయనొక్కడే చేయాలంటే మొద్దుని పట్టాల మధ్య పెట్టడానికి తడుముకుంటాడు, ఆ తడుముకోవడం కొడుకు కంట పడుతుంది. తనొక్కతే చేస్తానంటే ఆయన చేతికి పనే ఉండదు, మళ్ళీ ఆ మంచం, మళ్ళీ ఆ గోడ. మాట మింగేసింది. "అంతే మామయ్యా" అంది. ఆయన మొహం విచ్చుకోవడం చూసి, తను చేసింది సరైనదేనని కూడా అనుకుంది.

మిషను మొదలుపెట్టిన రోజు పొద్దున్నే కొడుకు ఇంజను తిప్పి, పిడులెలా నొక్కాలో తండ్రికి రెండుసార్లు చూపించి, బేకరీకి బండి తోలుకెళ్ళాడు. అడితిలో ఇద్దరే మిగిలారు.

ఇంజను మోత అంటే మామూలు మోత కాదు. గేటు రేకులు వణుకుతున్నాయి. కోడలు మొదటి మొద్దు పట్టాలమీద పెట్టి, చెయ్యి తీసి, అలవాటుగా కర్రతో డబ్బామీద కొట్టింది. ఆ చప్పుడు ఆమె చెవికే వినబడలేదు. ఇంకోసారి గట్టిగా కొట్టింది. వినబడలేదు. మామగారు మాత్రం కాసేపాగి, రెండు పిడులూ నొక్కాడు. తోపుడు వచ్చింది, మొద్దు ఫెళ్ళుమని రెండయింది.

అక్కడే ఆగాల్సింది. కర్ర చప్పుడు వినబడకుండా ఆయన దేన్ని చూసి నొక్కాడని ఆలోచించాల్సింది. ఆలోచించింది కూడా. ఆలోచించి, "నేనే తొందరగా చెయ్యి తీసేస్తే సరి" అనుకుంది. ఇలాంటి తెలివి ఎవరికుంటుంది చెప్పండి?

రెండోది పెట్టింది, తీసింది, చీలింది. మూడోది. నాలుగోది. మామగారి మొహం వెలిగిపోతోంది. కోడలివైపని అనుకుంటూ కాస్త పక్కకి తిరిగి, ఇంజను మోతకి పైన అరిచాడు. "చూశావా! దీనికి కూడా రెండో దెబ్బ లేదే!"

అత్తగారు పోయాక ఆయన అలా నవ్వడం ఆమె చూడలేదు. ఆ నవ్వు చూశాక ఇంజను ఆపమని ఏ నోటితో చెప్తుంది?

కాసేపటికి ఒక పొట్టి మొద్దు పెడుతుంటే తోపుడు ముందే కదిలింది. చెయ్యి లాక్కుంది గానీ, తొడుక్కున్న గ్లవుజు వేలు మొద్దుకీ కత్తికీ మధ్య చిక్కుకుని, చేతినుంచి ఊడిపోయి అక్కడే ఉండిపోయింది. కత్తి దాన్ని రెండు చేసింది. మామగారు ఎదురుగా తోపుడువైపే చూస్తూ నిలబడ్డాడు. ఏమీ చూడలేదు. కోడలు తెగిన గ్లవుజు తీసి, ఆయన కంట పడుతుందేమోనని కట్టెల వెనక దాచింది. చూసే కళ్ళే ఉంటే ఈ గొడవంతా ఎందుకు? అయినా దాచింది. దాచి వచ్చి, వట్టి చేత్తో ఇంకో మొద్దు ఎత్తింది.

ఆ మొద్దు వంకరది. నడుమ పెద్ద కణుపు. పట్టాలమీద నిలవక పక్కకి దొర్లింది. ఆమె సరిచేయబోయింది. మొద్దు బరువుగా ఒరిగి ఆమె ఎడంచేతి వేళ్ళమీద పడింది. వేళ్ళు దానికింద, కత్తికి ఇవతల ఇరుక్కున్నాయి. నొప్పి పెద్దగా లేదు. లాగితే రావట్లేదు, అంతే. తలెత్తి చూసింది. మామగారి రెండు చేతులూ పిడులమీద ఉన్నాయి. భుజాలు ముందుకి వంగుతున్నాయి.

అరవాలి కదా? అరవలేదు. ఎందుకు అరవలేదని తర్వాత మొగుడు తల బాదుకుంటూ అడిగితే, "అరిస్తే ఆయనకి కనబడదని బయటపడిపోతుందనిపించింది" అంది. ఎవరికి బయటపడుతుంది? అడితిలో ఉన్నదే వాళ్ళిద్దరు. ఇద్దరికీ తెలుసు. మనిషి ఒక గుట్టుని అంతకాలం మోశాక, దాన్ని ఎవరినుంచి దాస్తున్నదీ కూడా మరిచిపోతుంది కాబోలు.

పిడులు కదల్లేదు. మామగారు వాటిమీంచి చేతులు తీశాడు. మిషను అంచు పట్టుకుని తడుముకుంటూ ఇంజను దగ్గరికి వెళ్ళి ఆపేశాడు. మోత ఆగాక అడితి అంతా ఒక్కసారి ఖాళీ అయినట్టయింది.

"అమ్మాయీ, చెయ్యి తీశావా?"

"తీశాను మామయ్యా."

"ఎక్కడుంది?"

"బయటే ఉంది. ఇంజను వేసుకోండి, మీరు కానివ్వండి" అంది, ఆయన ఇంజను వేసేలోగా వేళ్ళు లాగేసుకోవచ్చనుకుని.

ఆయన ఇంజను వెయ్యలేదు. మిషను వెంబడి ఒక్కొక్క అడుగే వేస్తూ ఇటువైపు వచ్చాడు. మొద్దుమీద చెయ్యి పెట్టాడు. బెరడుమీదుగా కిందికి పోనిచ్చాడు, పట్టా దాకా. అక్కడ ఆయన వేళ్ళకి ఆమె వేళ్ళు తగిలాయి.

ఆయన రెండు చేతులతో మొద్దుని పొదివి పట్టుకుని, ఎత్తి, అవతల పారేశాడు. ఆమె వేళ్ళమీద చర్మం గీరుకుపోయి నెత్తురు ఊరుతోంది. మణికట్టు పట్టుకున్నాడు.

"బయటుందన్నావు."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"బయటుందన్నావు కదే! నమ్మి నొక్కేసుంటే?"

"మీరు నొక్కలేదుగా."

"ఎందుకు నొక్కలేదో తెలుసా? ఇందాకట్నుంచీ నీ చెయ్యి నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. ఇంతసేపు పడుతుందిలే అని ఊహించుకుని నొక్కాను. ఈసారి ఎందుకో భయమేసింది. చెయ్యాడలేదు." ఆయన ఆమె మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నాకు కళ్ళు పోతున్నాయమ్మా. నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

"తెలుసు మామయ్యా."

"ఏం తెలుసు?"

"నీటికాసులని తెలుసు. నర్సమ్మ ఎప్పుడో చెప్పింది."

ఆయన ఏడుస్తాడనుకుంది. లేకపోతే బరువు దిగినట్టు ఊపిరి తీసుకుంటాడనుకుంది. ఓదార్చడానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది. ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"తెలుసా? తెలిసి పెట్టావా చెయ్యి? నీకసలు బుద్ధుందా?" ఆ ఇంటికి వచ్చాక ఆయన ఆమెమీద గొంతు లేపడం అదే మొదలు. "నేను ముసలాణ్ణి, పొగరుబోతుని, సిగ్గుపడి దాచుకున్నాను. నీకేం వచ్చింది? నా పరువుకి నీ వేళ్ళు పెట్టుబడా? ఎవరు పెట్టమన్నారు? నేనడిగానా?"

"మీరు పని మానేస్తే మళ్ళీ మంచమెక్కుతారని..."

"ఎక్కితే ఎక్కుతాను! మంచమెక్కినవాణ్ణి బతిమాలి దింపొచ్చు. తెగిన చేతిని ఎవడు బతిమాలి తెస్తాడే? అప్పుడు నేను దేన్ని చూసి బతకాలి? నీ చేతిని చూసా? చెప్పు!"

అప్పుడు ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. భయంతో వచ్చిన ఏడుపు కాదు. సిగ్గుతో వచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన చేతుల్ని తను కాపాడుతున్నాననుకుంది. ఆ చేతులతోనే తన చెయ్యి నరికించబోయింది. అదే జరిగుంటే ఈ మనిషికి బతుకుండేదా? ఇంత ప్రేమ పెట్టుకుని, ఆ ఒక్కమాట ఎందుకు ఆలోచించలేదు?

గేటు చప్పుడైంది. బండి దిగి కొడుకు లోపలికి వచ్చాడు. ఆగిపోయిన ఇంజనునీ, అవతల పడున్న మొద్దునీ చూశాడు. "అప్పుడే చెడిపోయిందా? ఈ నత్తమిషను వద్దని నేను చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"మిషను నిక్షేపంలా ఉందిరా" అన్నాడు మామగారు. "నాకే కళ్ళు లేవు."

కొడుకు నవ్వబోయాడు. పెళ్ళాం మొహం చూసి, ఆమె వేళ్ళమీది నెత్తురు చూసి, నవ్వు సగంలో ఆపేశాడు. "నీకు తెలుసా?" అని ఆమెని అడిగాడు.

"దానికి తెలుసు. నాకు తెలుసు. ఇప్పుడు నీకూ తెలిసింది. ఇంక వీధికి చెప్పడం నీ పని, అది నీకు బాగా వచ్చు" అన్నాడు మామగారు. "రేపట్నుంచి పిడులు రెండూ అమ్మాయే పడుతుంది. మొద్దు కూడా తనే పెట్టుకుంటుంది. నేను ఆ మిషను దరిదాపులకి రాను."

"మరి మీరేం చేస్తారు మామయ్యా?" అంది కోడలు.

"ఏమో. తెలీదు."

కొడుకు బండి తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాడు. జన్మలో మొదటిసారి అతనికి మాట దొరకలేదు.

కోడలి మణికట్టు మాత్రం మామగారు ఇంకా వదల్లేదు. బొటనవేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క వేలే తడుముకుంటూ చిటికెనవేలి దాకా వెళ్ళాడు.

"అన్నీ ఉన్నాయి మామయ్యా" అంది ఆమె.

ఆయన ఆ మాట నమ్మలేదు. మళ్ళీ బొటనవేలి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.